ఆరో భాగానికి ఒక ఎర్రన కావాలి

నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయ సమావేశంలో ఒక తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తప్ప మరేమీ తీసేయలేదు.

అందరికీ నమస్కారం. మామూలుగా మన తెలుగు సభల్లో ముందు వరస నిండుతుంది, వెనకంతా ఖాళీగా ఉంటుంది. ఈ రోజు వెనక కూడా నిండింది. ఎందుకు నిండిందో నాకు తెలుసు. కరపత్రంలో 'వీడియో గేమ్' అనే మాట ఉంది. ముందు వరస ఎందుకు నిండిందో కూడా తెలుసు. అదే కరపత్రంలో 'ఎర్రన' అనే మాట ఉంది. రెండు వరసలనూ సగం సగం నిరాశపరుస్తానేమో, ముందే క్షమించండి.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పే మాస్టారిని. ఇరవై ఏళ్లుగా ఒకే ఆటల వరసను పట్టుకుని వేలాడుతున్నవాడిని కూడా. ఈ రెండో సంగతి మా ప్రధానోపాధ్యాయుడికి తెలియదు. మీలో ఎవరూ చెప్పకండి.

పెద్దల కోసం ముందు రెండు మాటలు. పిల్లలూ, మీకు తెలిసిన సంగతే, కాసేపు ఓపిక పట్టండి. ఇది కారు పందెం లాంటి ఆట కాదు. కంప్యూటరు మీకు ఒక దేశాన్ని అప్పజెబుతుంది. కొండలు, నదులు, ఊళ్లు, ఊళ్లలో మనుషులు, వాళ్ల ఇళ్లు, ఇళ్లలో అలమరలు, అలమరల్లో పుస్తకాలు. ఆ పుస్తకాలు తెరిచి చదువుకోవచ్చు కూడా. మీరెవరో మీరే నిర్ణయించుకోవాలి. కత్తి పట్టేవాడా, మంత్రం చదివేవాడా, జేబులు కొట్టేవాడా? ఆ తర్వాత ఎటు పోవాలన్నా పోవచ్చు. రాజ్యాన్ని కాపాడే పెద్ద పని ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి వంద గంటలు సీతాకోకచిలుకలు పట్టుకుంటూ తిరిగినా ఆటలో ఎవరూ అడగరు. నేను తిరిగాను. మా ఇంట్లో మాత్రం అడిగారు.

ఇలాంటి ఆటలు చాలా ఉన్నాయి. నేను మాట్లాడేది ఎల్డర్ స్క్రోల్స్ అనే వరస గురించి. అమెరికాలో బెథెస్డా అనే సంస్థ తయారు చేస్తుంది. 1994లో అరీనా. 1996లో డాగర్‌ఫాల్. 2002లో మోరోవిండ్. 2006లో ఆబ్లివియన్. 2011 నవంబరు 11న స్కైరిమ్. మధ్య మధ్య ఎన్నేళ్లు పట్టిందో చూడండి. రెండు, ఆరు, నాలుగు, ఐదు. ఆ తర్వాత? ఆ తర్వాత ఆరోది ఇంకా రాలేదు. 2014లో వేలమంది కలిసి ఇంటర్నెట్‌లో ఆడేది ఒకటి వచ్చింది గానీ, దాన్ని వేరే బృందం చేసింది, వరస సంఖ్యలో అది చేరదు. ఆరోది వస్తుందని 2018 జూన్‌లో ప్రకటించారు. ప్రకటించి ఊరుకున్నారు.

ఇదొక పెద్ద ఎదురుచూపా అని ముందు వరసలో ఒకరు చిన్నగా నవ్వుతున్నారు. నిజమే. పక్క జిల్లాలో వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. డాగర్‌ఫాల్ వచ్చిన ఏడాదే. ఆ సొరంగాల కబుర్లు వింటూ ముసలివాళ్లైన మనుషుల దగ్గర నేను ఒక కంప్యూటరు ఆట రాలేదని బాధపడితే ఎలా ఉంటుంది? ఒంగోలులో మా బావమరిదితో ఈ మాట అంటే, "బావా, ముందు మా నీళ్లు రానివ్వు, తర్వాత నీ రాక్షసులను రమ్మను" అన్నాడు.

అయినా చెబుతాను, వినండి. స్కైరిమ్ విడుదలకు ముందు ఆ సంస్థ ఒక పోటీ పెట్టింది. ఆట విడుదలయ్యే రోజునే బిడ్డ పుట్టి, ఆ బిడ్డకు ఆటలో వీరుడి పేరు 'డోవాకిన్' అని పెడితే, సంస్థ ఆటలన్నీ ఆ ఇంటికి జీవితాంతం ఉచితం అన్నారు. నవ్వకండి, ఒక జంట నిజంగానే పెట్టారు. మనం వెంకటేశ్వర స్వామికి మొక్కుకుని పెట్టినట్టు పెట్టారు. ఆ బిడ్డ మా ఊళ్లో పుట్టి ఉంటే ఇప్పుడు నా తరగతిలో కూర్చుని సంధులు వల్లె వేస్తూ ఉండేవాడు. జీవితాంతం ఉచితం. వరసలో తర్వాతి సంఖ్య మాత్రం ఇంకా రాలేదు.

ఎందుకింత ఆలస్యం? దీనికి పెద్ద రహస్యం ఏమీ లేదు. ఆ సంస్థలో ఈ ఆట చేసే బృందం ప్రధానంగా ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ వస్తుంది. స్కైరిమ్ తర్వాత 2015లో ఫాలౌట్ 4, 2018లో ఫాలౌట్ 76, 2023 సెప్టెంబరులో స్టార్‌ఫీల్డ్. స్కైరిమ్‌ను సుమారు వంద మంది చేశారు. స్టార్‌ఫీల్డ్ నాటికి ఆ బృందం నాలుగు వందలు దాటింది. పెళ్లి భోజనం వంద మందికి వండటం వేరు, వంటవాళ్లే నాలుగు వందల మంది ఉండటం వేరు. రెండో దానిలో ఉప్పు వేశావా అని అడగడానికే పూట గడిచిపోతుంది.

ఇక ఆ 2018 ప్రకటన. అందులో ఏముంది? అర నిమిషం కాస్త దాటిన వీడియో. మబ్బుల మీదుగా కెమెరా వెళుతుంది, కింద కొండలు, ఒక తీరం, చివర ఒక సంఖ్య. అంతే. ప్రాంతం పేరు లేదు, కథ లేదు, మనిషి లేడు. ఆ అర నిమిషాన్ని పట్టుకుని అభిమానులు ఏం చేశారో తెలుసా? ఆ తీరం వంపును పాత ఆటల పటాల పక్కన పెట్టి కొలిచారు. ఆ రాళ్ల రంగు ఏ ప్రాంతానిదో వాదించుకున్నారు. హామర్‌ఫెల్ అని కొందరు, హై రాక్ అని కొందరు. మేము ఎం.ఎ.లో ఒక్క పాఠాంతరం మీద వారం రోజులు కొట్టుకునేవాళ్లం, అచ్చం అలాగే. ప్రాచీన తాళపత్రాల పరిష్కర్తలకు తమ వారసులు ఎక్కడున్నారో తెలిస్తే సంతోషించేవారు.

సరే, ఎదురుచూస్తున్నారు. ఏం కోరుకుంటున్నారు? ఇక్కడికి వస్తాను.

మన ఊరివాళ్లకు కోరికల గురించి చెప్పాలా? స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా ఉంది. మొహర్రం నెలలో రొట్టెల పండుగ. విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. నీళ్లలో నిలబడి, కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు. ఎవరి దగ్గర తీసుకుంటారు? అదే కోరిక తీరినవాళ్ల దగ్గర. కోరిక తీరాక మళ్లీ వచ్చి, అదే రొట్టె చేసి, మరొకరికి ఇవ్వాలి. నేను డి.ఎస్సీ. ముందు ఉద్యోగం రొట్టె తీసుకున్నాను. ఉద్యోగం వచ్చాక వెళ్లి ఇచ్చాను. ఒక కుర్రవాడు రెండు చేతులా అందుకున్నాడు.

ఈ ఆటల అభిమానులది కూడా రొట్టెల పండుగే. కానీ చెరువులో తీసుకునేవాళ్లే నిలబడి ఉన్నారు. తీరిందని వచ్చి ఇచ్చేవాళ్లు కనబడరు. ఆబ్లివియన్‌లో మనిషి నిదానంగా బలపడుతుంటే అడవిలో దొంగ కూడా అతనితో సమానంగా బలపడేవాడు. దారి దోచుకునేవాడు రాజులు తొడిగే కవచం తొడుక్కుని వచ్చి వంద నాణేలు ఇమ్మని బెదిరించేవాడు. అంత కవచం ఉన్నవాడికి వంద నాణేలెందుకు? దాన్ని మార్చండి అని ఎంత గోల చేశారు! స్కైరిమ్‌లో చాలావరకు మార్చారు. ఎవరైనా వెళ్లి రొట్టె ఇచ్చారా? లేదు. వెంటనే ఇంకో రొట్టె కోసం చెయ్యి చాపారు.

కోరికల జాబితాలను నేను కాస్త శ్రద్ధగా చదివాను. మాస్టారి బుద్ధి కదా, ఎర్ర సిరా కలం పట్టుకుని చదివాను. సగానికి సగం కొత్త కోరికలు కావు. ఇంట్లో పోయిన వస్తువుల ఫిర్యాదులు. మోరోవిండ్‌లో ఈటె ఉండేది, ఆబ్లివియన్‌లో పోయింది, తిరిగి ఇవ్వండి. మంత్రాలను మనమే కలిపి తయారు చేసుకునే వీలు ఆబ్లివియన్ దాకా ఉండేది, స్కైరిమ్‌లో పోయింది, తిరిగి ఇవ్వండి. మోరోవిండ్‌లో నైపుణ్యాలు 27. ఆబ్లివియన్‌లో 21. స్కైరిమ్‌లో 18. మొదటి కోడలికి పెట్టిన నగలు మూడో కోడలి దగ్గరికి వచ్చేసరికి ఎన్ని మిగిలాయో లెక్క పెడుతున్న అత్తగారి ధోరణి ఇది.

గాలిలో తేలే మంత్రం ఒకటి ఉండేది. అది పోయిన కారణం వింటే మీకు నచ్చుతుంది. మోరోవిండ్‌లో చాలా ఊళ్లు బయటి ప్రపంచంలోనే ఉంటాయి, నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోతాం. ఆబ్లివియన్ వచ్చేసరికి నగరాలను విడి గదుల్లాగా చేశారు, కంప్యూటరు మీద బరువు తగ్గాలని. ద్వారం తెరిస్తే వేరే గది లోడ్ అవుతుంది. బయటి నుంచి కనిపించే నగరం ఒక బొమ్మ మాత్రమే. ఇప్పుడు మీరు గాలిలో ఎగిరి గోడ దాటితే ఏమవుతుంది? ఖాళీ పెంకులోకి దిగుతారు. అందుకని ఎగరడమే నిషేధించారు. గోడ అవతల ఏమీ లేదని తెలియకూడదు కాబట్టి రెక్కలు కత్తిరించారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, లెక్క అలా కుదిరింది. కానీ ఎగిరినవాడు మరిచిపోతాడా?

ఎగరనివాడికి ఆ లోటే తెలియదు. అసలు చిక్కు ఇక్కడ ఉంది. స్కైరిమ్ 6 కోట్లకు పైగా అమ్ముడుపోయిందని 2023లో చెప్పారు. ఆరోదాని కోసం ఎదురుచూసేవాళ్లలో ఎక్కువమంది స్కైరిమ్‌తోనే మొదలుపెట్టినవాళ్లు. వాళ్లకు ఈటె గురించి చెబితే, తాతయ్య అణా కాసుల గురించి చెప్పినట్టు వింటారు. వాళ్లకు కావలసింది స్కైరిమ్ లాంటిదే, కాకపోతే ఇంకా పెద్దది, ఇంకా అందమైనది. నా వయసువాళ్లకు కావలసింది మోరోవిండ్. మాకంటే పెద్దవాళ్లు కొందరు డాగర్‌ఫాల్ దగ్గరే కూర్చున్నారు. అందులో పటం దాదాపు బ్రిటన్ అంత ఉంటుందని చెప్పుకునేవారు, ఊళ్లన్నీ కంప్యూటరే అల్లింది. మూడు తరాలు మూడు ఆటల కోసం ఎదురుచూస్తూ, అందరం ఒకే ఆట కోసం ఎదురుచూస్తున్నామని భ్రమపడుతున్నాం.

మాట వచ్చింది కాబట్టి ఒక సొంత కథ. 2004లో నేను ఇక్కడే డిగ్రీ చదువుతున్నాను. ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక ఇంటర్నెట్ కేంద్రం ఉండేది. మూలనున్న కంప్యూటరులో మోరోవిండ్ ఉండేది. ఆ సీడీ ఎక్కడి నుంచి వచ్చిందో అడగకండి. నేనూ, కోవూరు నుంచి వచ్చే నా మిత్రుడూ డబ్బులు కలిపి ఆడేవాళ్లం. ఒకే వీరుడు, ఇద్దరం. ఉదయం నేను, సాయంత్రం వాడు. కొన్నాళ్లకు ఒక సంగతి అర్థమైంది. మధ్యాహ్నం ఇంకెవరో మా వీరుడితోనే ఆడుతున్నారు! మేము వదిలిన చోటు నుంచి మొదలుపెట్టి ఎక్కడో వదిలేసి పోతున్నారు. ఒకరోజు చూస్తే మా మందు సీసాలన్నీ అమ్మేశాడు. మరొకరోజు ఎవరినో చంపి, ఊరంతా మాకు శత్రువులైపోయారు. ఇంకొకరోజు, ఇది చెబితే మీరు నమ్మరు, మేము నెల రోజులుగా దొరకక వదిలేసిన ఒక గుహను వెతికి పట్టుకుని, దాని ముందు మా వీరుడిని నిలబెట్టి వెళ్లాడు. లోపలికి పోలేదు. మాకోసం బయట నిలబెట్టి పోయాడు.

ఆ మూడోవాడు ఎవరో మాకు ఈనాటికీ తెలియదు. ముందు తిట్టుకున్నాం. ఆ తర్వాత వాడు ఏం చేసి ఉంటాడా అని చూడటానికే పొద్దున్నే వెళ్లేవాళ్లం. ఒకరోజు ఆ కంప్యూటరును తుడిచేసి మళ్లీ సిద్ధం చేశారు. వీరుడూ పోయాడు, మూడోవాడూ పోయాడు.

ఇప్పుడు ముందు వరసవాళ్లు కాస్త సర్దుకుని కూర్చోండి. ఒకరు మొదలుపెట్టినదాన్ని ఇంకొకరు అందుకోవడం మన భాషకు కొత్తా? మన భారతమే ముగ్గురి చేతుల మీదుగా వచ్చింది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో మన నెల్లూరులో, ఈ పెన్న ఒడ్డున, మనుమసిద్ధి కొలువులో తిక్కన అందుకున్నాడు. ఎక్కడి నుంచి? ఆగిన చోటు నుంచి కాదు! అరణ్యపర్వాన్ని అలాగే వదిలేసి, విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. పదిహేను పర్వాలు తన పద్ధతిలో, తన నాటకీయతతో రాసుకుపోయాడు. ఎందుకు వదిలేశాడో కథలు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోను. ఆట భాషలో చెబితే, పాతదాన్ని ముట్టుకోకుండా కొత్త భాగం విడుదల చేశాడు.

ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి రెడ్ల కొలువులో ఎర్రన వచ్చాడు. ప్రకాశం జిల్లావాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆయన ముందున్న కష్టం ఊహించండి. ఒక పక్క నన్నయ, ఇంకో పక్క తిక్కన. ఇద్దరి మాట తీరు వేరు, నడక వేరు, కాలం వేరు. ఇద్దరికీ అభిమానులు ఉన్నారు. ఆ ఇద్దరి మధ్య వంతెన కట్టాలి. ఏం చేశాడు? నన్నయ ఆపిన చోట నన్నయ రంగుతోనే మొదలుపెట్టాడు. పోను పోను ఆ రంగును మార్చుకుంటూ, విరాటపర్వం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తిక్కన రంగులోకి తెచ్చి అప్పగించాడు. చదివేవాడి కాలికి అతుకు తగలదు. ఇంకో పని చేశాడు. అది నాకు ఇంకా ఇష్టం. తనను పోషించే రాజు ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో కూర్చుని ఉన్నాడు. జీతం ఇచ్చేవాడు ఆయన. అయినా ఈ భాగాన్ని మాత్రం ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడి పేరు మీదనే నడిపాడు. నన్నయ ఎవరికి చెబుతున్నాడో వారికే చెప్పాడు. తన పేరు చూపించుకునే చోటు కాదని ఆయనకు తెలుసు. హరివంశం ఉంది కదా, అక్కడ చూపించుకున్నాడు.

ఆరో భాగం చేసేవాళ్లకు ఈ పని చేతనవుతుందా? నా ప్రశ్న అదొక్కటే. పటం ఎంత పెద్దది, నీళ్లు ఎంత తళతళలాడతాయి, ఇవి నాకు పట్టవు. స్కైరిమ్ రంగులో మొదలుపెట్టి, ఆడేవాడికి తెలియకుండా మోరోవిండ్ రంగులోకి తీసుకుపోగలరా?

అంటే ఏమిటి మాస్టారూ, విడమరిచి చెప్పండి అంటారు వెనక వరసవాళ్లు. చెబుతాను. ఒక్క ఉదాహరణ చాలు. దారి చెప్పడం.

స్కైరిమ్‌లో ఎవరైనా పని చెబితే తెర మీద బాణం గుర్తు వస్తుంది. ఆ గుర్తు వైపు నడిస్తే చాలు. ఆబ్లివియన్ నుంచి ఇంతే. మోరోవిండ్‌లో బాణం లేదు. పని చెప్పినవాడే నోటితో దారి కూడా చెబుతాడు. "ఊరు దాటి ఉత్తరంగా పో, వంతెన వస్తుంది, వంతెన దాటాక దారి చీలుతుంది, ఎడమ దారి పట్టు, రెండు కొండల మధ్య చూడు" అనే ధోరణి. మీరు దాన్ని గుర్తుపెట్టుకుని వెళ్లాలి. దారి తప్పుతారు. తప్పిన చోట ఇంకేదో కనబడుతుంది.

ఉదయగిరి దగ్గర మా మేనత్త ఊరు. మొదటిసారి ఒంటరిగా వెళ్లినప్పుడు అత్త ఫోనులో దారి చెప్పింది. "బస్సు దిగు. సోడా బండి ఉంటుంది. ఉంటే దాని పక్క దారి. బండి లేకపోతే ఆ చింతచెట్టు కిందే ఉంటాడు, అడుగు. కొండ నీ కుడి చేతి మీద ఉండాలిరా, ఎడమ చేతి మీదికి వచ్చిందంటే వెనక్కి తిరుగు." ఎంత చక్కటి దారి! ఆ మాటలో అత్త ఉంది, సోడా బండివాడు ఉన్నాడు, కొండ ఉంది. నిరుడు అదే ఊరికి ఫోనులో పటం పెట్టుకుని వెళ్లాను. సరిగ్గా గుమ్మం ముందు దించింది. కొండ ఏ చేతి మీద ఉందో చూడలేదు.

బాణం గుర్తు ఎందుకు వచ్చిందంటే సోమరితనం వల్ల అనకండి. మోరోవిండ్‌లో మాటలు ఎక్కువ భాగం రాతలోనే ఉంటాయి. ఆబ్లివియన్‌లో ప్రతి మాటనూ నటులు పలికారు. పలికే మాట ఖర్చు. పలికాక మార్చాలంటే మళ్లీ ఖర్చు. "చింతచెట్టు కింద" అని నటుడు పలికేశాక, బొమ్మలు వేసేవాడు చింతచెట్టును తీసేస్తే? అందుకని మాట కుదించారు, బాణం పెట్టారు. కానీ బాణం పెట్టాక ఇంకొకటి జరిగింది. దారి చెప్పవలసిన అవసరం పోయేసరికి, చెప్పదగ్గ గుర్తులతో నేలను తీర్చవలసిన అవసరం కూడా పోయింది. కావాలంటే మీరు ఆ గుర్తును ఆపేసి ఆడుకోండి అంటారు కొందరు. ఆపాను. ఎవడూ దారి చెప్పడు! "ఆ గుహకు వెళ్లు" అంటాడు. ఏ గుహ నాయనా?

అందుకే అంటున్నాను. మొదటి పది గంటలు బాణం ఉండనివ్వండి, పిల్లలు అలవాటు పడ్డారు. ఆ తర్వాత పటం లేని ప్రాంతానికి పంపండి. అక్కడివాళ్లు నోటితోనే దారి చెప్పే మనుషులని కథలోనే పెట్టండి. అతుకు తెలియకూడదు. ఎర్రన అలాగే చేశాడు. చేస్తారా? చేయరనే నా అనుమానం. నేను కూడా చెరువులో నిలబడి చెయ్యి చాపుతున్నవాడినే అని మీరు అనవచ్చు. అనండి, పడతాను.

రొట్టె తిరిగి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరన్నాను కదా, ఆ మాట కొంచెం సవరించుకోవాలి. ఉన్నారు. మోరోవిండ్‌తో పాటే ఆటను తయారుచేసే పనిముట్టును కూడా సంస్థ ఇచ్చేసింది. దానితో ఎవరైనా కొత్త ఇళ్లు, మనుషులు, కథలు చేర్చవచ్చు. వాటినే మాడ్‌లు అంటారు. మోరోవిండ్ అనేది ఆ లోకంలో ఒక పెద్ద రాష్ట్రం. ఆటలో చూపించింది దాని మధ్యలో ఉన్న ఒక ద్వీపం మాత్రమే. చుట్టూ ఉన్న నేల ఖాళీ. అరణ్యపర్వ శేషం అన్నమాట! ఆ ఖాళీని నింపడానికి టామ్రియల్ రీబిల్ట్ అనే పేరుతో కొందరు 2001లోనే, ఆట విడుదల కాకముందే, పూనుకున్నారు. ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. జీతం లేదు. మొదలుపెట్టినవాళ్లు పోతారు, కొత్తవాళ్లు వస్తారు. ముందువాడి ధోరణిలో రాయాలి, అతుకు తెలియకూడదు. నేను వాళ్లు కట్టిన ఊళ్లలో తిరిగాను. దారి నోటితోనే చెబుతారు. ఆరో భాగం నుంచి నేను కోరుకునేదంతా కొందరు రాత్రిపూట ఉద్యోగాల నుంచి వచ్చి ఊరికే చేసిపెడుతున్నారు.

ఈ రొట్టెకు ధర పెట్టే ప్రయత్నం కూడా జరిగింది. 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ మాడ్‌లను డబ్బుకు అమ్మే ఏర్పాటు చేశారు. ఎంత గొడవైందంటే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. చేసినవాడికి నాలుగు డబ్బులు రావడంలో తప్పేమిటి అని అప్పుడు నేను వాదించాను. ఇప్పటికీ పూర్తిగా తప్పని అనను. కానీ స్వర్ణాల చెరువులో ఎవరైనా రొట్టెకు రేటు చెబితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. అంతకుముందు 2006లో ఆబ్లివియన్‌లో గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మారు. లోకమంతా నవ్వింది. నిరర్థకమైన అమ్మకానికి ఆ గుర్రపు కవచమే సామెత అయిపోయింది. 2025 ఏప్రిల్‌లో ఆబ్లివియన్‌ను కొత్త బొమ్మలతో మళ్లీ విడుదల చేశారు. ఎక్కువ ధర ప్రతిలో ఏం పెట్టారు? కొత్త గుర్రపు కవచం! తమను తాము వెక్కిరించుకునే ఆ గుణం చూసి నాకు కోపం సగం తగ్గింది. మా మిత్రుడు కొన్నాడు కూడా.

స్టార్‌ఫీల్డ్ సంగతి ఎవరో చీటీ పంపారు. వెయ్యికి పైగా గ్రహాలు ఇచ్చారు. నేను ముప్పై గంటలు తిరిగాను. ఒకే శిబిరం, ఒకే గది, అదే బల్ల మీద అదే గ్లాసు, వేర్వేరు గ్రహాల్లో చూశాను. వెయ్యి ఊళ్లకు వెళ్లి ఒకే ఇంట్లో భోంచేసినట్టు ఉంది. ఆరో భాగం అలా ఉంటుందేమోనని భయపడేవాళ్ల భయంలో న్యాయం ఉంది. తొందరపెట్టేవాళ్లకు మాత్రం సైబర్‌పంక్‌ను గుర్తుచేస్తాను. అది వేరే సంస్థది. 2020 డిసెంబరులో పూర్తికాకుండానే వచ్చింది. వారం తిరిగేసరికి ఒక పెద్ద దుకాణం దాన్ని అమ్మకం నుంచే తీసేసింది. బాగు చేయడానికి ఏళ్లు పట్టింది. ఉడకని అన్నం వడ్డించాక మళ్లీ పొయ్యి మీద పెట్టడం ఎంత కష్టమో వంటింట్లో ఉన్నవాళ్లను అడగండి.

ఆరో భాగం మొదటి రోజే కొంటారా అని రెండో చీటీ. కొంటాను. ఇంత మాట్లాడి కొంటారా అని అడగకండి. కొంటాను.

మూడో చీటీ లేదు కాబట్టి ఒక చిన్న కబురు చెప్పి దిగిపోతాను. మా అమ్మాయి ఏడో తరగతి. స్కైరిమ్ ఆడింది, బాగా ఆడింది. పోయిన నెల నా పాత మోరోవిండ్ పెట్టి ఇచ్చాను. ఓడ దిగగానే బల్మోరా అనే ఊరికి వెళ్లి ఒక మనిషిని కలవమంటారు. అతని ఇల్లు ఎక్కడో చెప్పరు, ఆ ఊళ్లో ఫలానా చోట అడగమంటారు. "నాన్నా, బాణం ఏది?" అంది. లేదన్నాను. లెక్కల నోటుపుస్తకం వెనక పేజీలో దారి రాసుకుని బయలుదేరింది. ఊరు దాటిన కాసేపటికి ఆకాశం నుంచి ఒక మాంత్రికుడు కేకలు పెడుతూ వచ్చి ఆమె ముందు పడి చచ్చిపోయాడు. ఆడినవాళ్లు నవ్వుతున్నారు, మీకు తెలుసు. అతని దగ్గర మూడు మంత్రపత్రాలు దొరుకుతాయి. చదివితే ఒక్క గంతులో దేశం సగం దాటిపోతాం. అంత ఎత్తు నుంచి కింద పడేటప్పుడు ఏం చేయాలో మాత్రం అందులో రాసి ఉండదు.

మొదటిది చదివింది. ఎగిరింది. చచ్చిపోయింది. రాత్రి పదిన్నరకు మా ఇంట్లో ఆ కేక విని పక్కింటివాళ్లు తలుపు కొట్టారు. ఇప్పటికి నాలుగుసార్లు చచ్చిపోయింది. ప్రతిసారీ పాత సేవ్ నుంచి మొదలుపెట్టి మళ్లీ ఎగురుతోంది. నిన్న రాత్రికి కూడా బల్మోరా చేరలేదు. గాలిలో ఉండగానే, నేల తగలబోయే ముందు రెండో పత్రం చదివితే బతుకుతారు. ఆ సంగతి నాకు తెలుసు. నేను చెప్పలేదు.